గోడ తాగిన యాసిడ్

కొత్త వస్తువు ఏదైనా ఇంటికి వచ్చిన తొలిరోజుల్లో కాస్త పేచీ పెట్టక మానదు. కొత్త కుండలో నీళ్ళు రెండు మూడు రోజులపాటు మట్టివాసన కొడతాయి. కొత్త చెప్పు కరుస్తుంది. కొత్త చీర మొదటి ఉతుకులోనే రంగు వదిలి, పక్కనున్న తెల్లపంచెకు పెళ్ళికళ తెస్తుంది. వీటిని గురించి మన ఇళ్ళలో ఎవరూ పంచాయితీ పెట్టరు. కుండను నానబెడతారు, చెప్పుకు కాస్త ఆముదం రాస్తారు, చీరను విడిగా ఉతుకుతారు. ఇవి ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నవి కావు. అమ్మ చేస్తూ ఉంటే చూసినవి.

అయితే అమ్మలకూ, అమ్మమ్మలకూ పరిచయం లేని కొత్త వస్తువు ఒకటి ఈమధ్య మన వాకిళ్ళలోకి వచ్చింది. దాని పేరు ఈతకొలను. అది పేచీ పెడితే ఏం చెయ్యాలో చెప్పే పెద్దదిక్కు లేదు. అందుచేత నీళ్ళ మీద రావలసిన అనుమానం కాస్తా మనుషుల మీదికి పోతుంది. ఈ వారం చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ఉప్పల్, నాచారం ఒకప్పుడు చెరువుల ఊళ్ళు. ఉప్పల్‌కు నల్లచెరువు, నాచారానికి పెద్దచెరువు, పక్కనున్న రామంతాపురానికి దాని చెరువు దానికే ఉన్నవి. ఆ రోజుల్లో పిల్లవాడికి ఈత రావాలంటే నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి బావిలోకి దింపేవారు. తరువాత నాచారంలో ఫ్యాక్టరీలు వచ్చినవి. 2017 నవంబరులో ఉప్పల్ నడిబొడ్డున మెట్రోరైలు పరుగు మొదలుపెట్టింది. 2023లో కూడలి మీద ఆకాశవంతెన వెలిసింది. ఈ నడుమ ఎక్కడ చూసినా అపార్టుమెంట్లు లేచినవి. చెరువులో ఈదే పిల్లలు ఇప్పుడు లేరు గాని, మేడల మధ్య నీలంరంగు కొలనులు మాత్రం చాలాచోట్ల ఉన్నవి.

మేముండే నాచారం సముదాయంలోనూ ఒకటి ఉన్నది. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు. ఆశ్చర్యమేమిటంటే, మొహంజొదారో తవ్వకాలలో బయటపడిన మహాస్నానవాటిక కూడా పొడవు వెడల్పుల్లో ఇంచుమించు ఇంతే. అది 12 మీటర్లకు 7 మీటర్లు. లోతు మాత్రం దానిదే ఎక్కువ, సుమారు రెండున్నర మీటర్లు. నీళ్ళు ఇంకిపోకుండా ఆనాటివారు ఇటుకలను జిప్సంతో అతికి, వెనకాల తారువంటి జిగురు పూశారు. నాలుగున్నర వేల ఏళ్ళ క్రితం కూడా కొలను కట్టేవాడి బెంగంతా గోడ మీదనే ఉన్నదన్నమాట!

మా కొలను గోడలు పెచ్చులూడిపోయి, పిల్లల మోకాళ్ళు గీసుకుపోతున్నాయని నిరుడు ఫిబ్రవరిలో పాత పూతంతా చెక్కించి, తెల్లసిమెంటు, పాలరాతిపొడి కలిపి కొత్తగా గిలాబు చేయించారు. మార్చిలో బోరునీళ్ళు కొన్ని, ట్యాంకరు నీళ్ళు కొన్ని పోసి నింపారు. చూస్తే నిజంగా మయసభే! ఏది నీరో, ఏది నేలో తెలియనంత తేటగా ఉన్నది. దుర్యోధనుడు ఎందుకు కాలుజారి పడ్డాడో మా పిల్లలకు పాఠం చెప్పనక్కరలేకుండా అర్థమయింది.

ఆ ముచ్చట నాలుగు రోజులే. అయిదోనాటికి నీళ్ళ మీద పలుచని పొగమంచు కమ్మినట్లయింది. గోడ మీద చెయ్యి రాస్తే తెల్లటి పొడి అంటుకున్నది. అసలు సంగతి మరొకటి ఉన్నది. ఎంత యాసిడ్ పోసినా పి.హెచ్. దిగటం లేదు. దిగినా మర్నాటికి మళ్ళీ యథాస్థానం.

ఈ పి.హెచ్. అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. నీరు ఎంత పుల్లన, ఎంత కారం అని తెలిపే కొలబద్ద ఇది. దీనిని 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఆయన పనిచేసినది కోపెన్‌హేగెన్‌లో కార్ల్స్‌బర్గ్ అనే బీరు కంపెనీవారి ప్రయోగశాలలో. 7 అంటే పులుపూ కాదు, కారమూ కాదు. అంతకు దిగితే ఆమ్లం, ఎక్కితే క్షారం. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. సున్నపు తేట 12 దాటుతుంది. ఈ మెట్లు మన మేడమెట్లవంటివి కావు. ఒక్కొక్క మెట్టుకు పదిరెట్ల తేడా. 7.5 నుంచి 8.5కు పోయిందంటే ‘ఒక్కటేగా పెరిగింది’ అని ఊరుకోవడానికి వీల్లేదు.

క్లోరిన్ కలిపే ఈతకొలనులో ఇది 7.2కూ 7.8కీ మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కారణం ఉన్నది. మనం నీళ్ళలో వేసే క్లోరిన్ రెండు రూపాలుగా విడిపోతుంది. ఒకటి చురుకైనది, క్రిములను ఇట్టే చంపుతుంది. రెండవది పేరుకు క్లోరినే గాని మహా మందకొడి. మామూలు క్లోరిన్ నీటిలో పి.హెచ్. 7.2 ఉన్నప్పుడు మూడింట రెండు వంతులు చురుకైనదే. 7.5లో సగానికి సగం. 8కి చేరేసరికి సుమారు పావువంతు. 8.5లో ఇంచుమించు పదోవంతు. జీతం అందరికీ ఇస్తున్నాం, పని మాత్రం పదిమందిలో ఒక్కడు చేస్తున్నాడన్నమాట. ఆఫీసులలో ఇది కొత్తకాదు గాని, పిల్లలు మునిగే నీళ్ళలో పనికిరాదు.

దానికి తోడు ఎక్కువ క్షారమైన నీటిలో సున్నం కరిగి ఉండక తెల్లగా విరిగి మసకబారుతుంది. నీరు మసకబారితే అడుగు కనబడదు. అడుగు కనబడని కొలనులో ఒక పిల్లవాడు మునిగితే, గట్టు మీద పదిమంది కూర్చుని ఉన్నా చూడలేరు. కన్ను మంట, చర్మం దురద అన్నీ తరువాతి మాట. ‘అడుగున పడ్డ రూపాయి బిళ్ళ గట్టు మీదనుంచి కనిపించకపోతే ఎవరినీ దింపవద్దు’ అన్నది ఏ శాస్త్రమూ చదవనివారు కూడా పాటించగలిగిన నియమం.

మా కొలను చూసుకునేది ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. మహబూబ్‌నగర్ వైపువాడు. తెల్లవారుజామునే వచ్చి ఆకులు తీసి, గోడలు తోమి, చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, ఎర్రని మందు చుక్కలు వేసి రంగు చూస్తాడు. ఆ మందు పేరు ఫినాల్ రెడ్. పులుపు నీటిలో పసుపుపచ్చగా ఉండి, క్షారం పెరిగినకొద్దీ నారింజరంగుకూ, ఆపైన ఎరుపుకూ తిరుగుతుంది. పొద్దున ఎరుపు చూసి యాసిడ్ పోస్తాడు. సాయంత్రానికి నారింజ. మర్నాడు పొద్దున మళ్ళీ ఎరుపు. మళ్ళీ యాసిడ్. పది రోజులకు రెండు డబ్బాలు ఖాళీ అయినవి.

అప్పుడు మొదలైంది అసలు కథ. సంఘంవారి నెలసరి సమావేశంలో యాసిడ్ బిల్లు చదివారు. ‘నిరుడు సంవత్సరమంతా అయిన ఖర్చు ఇప్పుడు పది రోజుల్లో అయిందేమిటి?’ అన్నారొకరు. ‘కుర్రవాడు సాయంత్రం బండి మీద డబ్బా పట్టుకుపోతూ ఉంటే నేను చూశాను’ అన్నారు మరొకరు. ఖాళీ డబ్బాను కొట్టులో ఇచ్చి నిండు డబ్బా తెచ్చుకోవటం అతని పనిలో భాగమేనన్న సంగతి ఎవరికీ తోచలేదు. ‘యాసిడ్ బయట అమ్ముకుని ఇక్కడ నీళ్ళు పోస్తున్నాడు. అందుకే పి.హెచ్. దిగటం లేదు’ అని మూడవవారు తీర్పు చెప్పారు. అతని జీతంలో రెండు డబ్బాల సొమ్మూ పట్టుకుని, నెలాఖరుకు పంపించివేయాలని తీర్మానం రాయబోయారు.

లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి. సామాను తరుగుతున్నది. పని జరగటం లేదు. కనుక మధ్యవాడు దొంగ! ఇంతకంటె తేలిక తర్కం లోకంలో మరొకటి లేదు.

నేను బయటికి వచ్చి ఆ కుర్రవాణ్ణి పలకరించాను. కొలను గట్టు మీద బ్రష్షు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ‘సార్, పొద్దుగాల పోస్త. మాపటికి మంచిగనే ఉంటది. తెల్లారి సూస్తె మల్ల గట్లనే. నీళ్ళు నా మాట ఇంటలేవు సార్’ అన్నాడు. నేను దొంగను కానన్న మాట అతని నోట రాలేదు. నీళ్ళు మాట వినటం లేదనే అతని బాధ. దొంగ అయినవాడికి నీళ్ళు మాట వినకపోతే ఏం, వింటే ఏం?

నేను చదివినది తెలుగు ఎమ్మే. యాసిడ్‌కూ నాకూ బాదరాయణ సంబంధమైనా లేదు. కాని ‘క్షారం’ అన్న మాట దగ్గర నాకు కాస్త అధికారం ఉన్నది. ‘క్షర్’ అనే ధాతువుకు స్రవించటం, కరగటం, నశించటం అని అర్థాలు. అందులోనుంచి వచ్చినదే క్షారం. క్షరం కానిది అక్షరం. నాకు జీతం ఇప్పించేది అక్షరమూ, ఆ కుర్రవాడి జీతం కోయించేది క్షారమూ ఒకే ధాతువు బిడ్డలని తెలిసినప్పుడు ఊరుకోబుద్ధి కాలేదు. స్రవించేది క్షారమయితే, అది ఎక్కడినుంచి స్రవిస్తున్నదీ అన్నది ప్రశ్న.

మా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. ఆయన నవ్వి, ‘మేష్టారూ, కొలనుకు కొత్తగా గిలాబు చేశారా?’ అన్నాడు. అవునన్నాను. ‘అయితే గోడను అడగండి’ అన్నాడు.

సంగతి ఇదీ. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు దానిలోనుంచి కొంత సున్నం విడిపడుతుంది. అది తాంబూలంలో వేసుకునే సున్నమే, మరేమీ కాదు. గిలాబు పైకి ఆరినట్లు కనిపించినా, లోపల ఈ పని వారాల తరబడి సాగుతూనే ఉంటుంది. ఇంజనీర్లు సిమెంటు బలం చూడటానికి 28 రోజులు గడువు పెట్టుకోవటం అందుకే. ఇంటి గోడ అయితే ఆ సున్నం గాలికి మెల్లగా రాయిగా మారుతుంది. కొలను గోడకు ఎదురుగా ఉన్నది గాలి కాదు, నీరు. సున్నం తిన్నగా నీటిలోకి దిగుతుంది. యాసిడ్ పోస్తే నీటిలో ఉన్న సున్నం చల్లారుతుంది. తెల్లవారేలోగా గోడ మరికొంత సున్నం విడుదల చేస్తుంది. మనం తోడుతున్నాం, ఊట ఊరుతున్నది.

ఈ మాట సమావేశంలో చెబితే ఎవరు నమ్ముతారు? అందులోనూ తెలుగు మేష్టారు చెబితే! అందుకని ఒక చిన్న ప్రయోగం చేశాము. తాపీమేస్త్రీ మూలన వదిలేసిన గిలాబు పెచ్చు ఒకటి తెచ్చి, నలగగొట్టి, గాజుగ్లాసులో కుళాయినీళ్ళు పోసి అందులో వేశాను. మరొక గ్లాసులో ఉత్త కుళాయినీళ్ళు. రెండింటినీ ఒక రాత్రంతా వంటింటి గట్టు మీద ఉంచాము. పొద్దున మా అమ్మ వచ్చి ‘ఇదేమిట్రా?’ అని, సంగతి విని, ‘దీనికి మందుచుక్కలు దేనికి? చిటికెడు పసుపు వెయ్యి’ అన్నది. వేశాను. ఉత్తనీళ్ళు పచ్చగానే ఉన్నవి. పెచ్చువేసిన నీళ్ళు ఎర్రబడినవి.

పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి సంగతి అమ్మకు తెలుసు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు. సోరెన్‌సెన్ పుట్టకముందునుంచీ మన ఆడవాళ్ళు పి.హెచ్. చూస్తూనే ఉన్నారన్నమాట! పేరు పెట్టలేదు, అంతే. మీరూ ఇంట్లో చేసి చూడవచ్చు. పిల్లలకు వేడుకగా ఉంటుంది. అయితే సున్నపు నీళ్ళు కంట్లో పడకుండా చూసుకోండి.

ఆ రెండు గ్లాసులూ, మా మిత్రుడు కాగితం మీద వేసి ఇచ్చిన లెక్కా పట్టుకుని సంఘంవారి దగ్గరకు వెళ్ళాను. ఆ లెక్క మీకూ చెబుతాను. మా కొలను అడుగూ, గోడలూ కలిపితే 115 చదరపు మీటర్లు. పూత ఒక సెంటీమీటరు మందం అనుకుంటే, దాని బరువు రెండు టన్నుల పైచిలుకు. అందులోని సిమెంటునుంచి విడిపడగల సున్నం నూరు కిలోల పైమాటే. మేము వాడే గాఢత గల యాసిడ్ ఒక లీటరు సుమారు 360 గ్రాముల సున్నాన్ని చల్లార్చగలదు. కుర్రవాడు రోజుకు పోసినది లీటరు. గోడలో ఉన్నది నూరు కిలోలు. ఆ సున్నమంతా బయటికి రాదు, పైపొరలోనిదే వస్తుంది. అయినా ఏనుగుకు మామిడిపండు పెట్టి, ఆకలి ఇంకా తీరలేదేమని మావటిని కొడితే ఎట్లా?

కోశాధికారి గారు గ్లాసులు రెండూ వెలుతురుకు ఎత్తి చూశారు. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు, లెక్కంటే ఆయనకు గురి. ‘అయితే మేష్టారూ, ఇప్పుడు గోడ మీద కేసు పెట్టాలంటారా?’ అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నవ్వుకు ఆపాటి శక్తి ఉన్నందుకు సంతోషించాను గాని, ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పినవారు లేరన్నది కూడా రాయకపోతే న్యాయం కాదు.

తరువాత చూస్తే, గోడకు ఇద్దరు తోడుదొంగలు కూడా ఉన్నారని తేలింది. మొదటిది సింహం నోటినుంచి నీళ్ళు దూకే అలంకారపు ధార. పిల్లలకు ముచ్చటగా ఉంటుందని పగలూ రాత్రీ నడిపిస్తున్నారు. గోలీసోడా మూత తీసి ఉంచితే గ్యాసుపోయి, పులుపూ పోతుంది గదా! నీటిలోనూ ఆ గ్యాసే కాస్త కరిగి ఉండి, పి.హెచ్. పెరగకుండా పట్టి ఉంచుతుంది. నీటిని అట్లా గాలిలోకి చిమ్మితే గ్యాసు ఎగిరిపోయి పి.హెచ్. పైకిపోతుంది. మన రాతినేలలోని బోరునీళ్ళకు పైకి రాగానే ఈ గుణం మరీ ఎక్కువ.

రెండవ తోడుదొంగ బ్లీచింగుపౌడరు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. పొడిసున్నం చేత క్లోరిన్ వాయువును పీల్పించి చేసినది. అంటే క్రిములను చంపటానికి మనం వేసే ప్రతి దోసిలిలోనూ కొంత సున్నం ఉన్నది. ఒకవంక సున్నాన్ని చల్లార్చటానికి యాసిడ్ పోస్తూ, మరొకవంక సున్నం చల్లుతున్నామన్నమాట. సింహాన్ని కొన్నాళ్ళు నోరు మూసుకోమన్నాము. బ్లీచింగుపౌడరును దోసిళ్ళతో కాక, కొలతతో వెయ్యటం నేర్చుకున్నాము.

మీ సముదాయంలోనూ కొత్తగా గిలాబు చేయించి ఉంటే ఉపయోగపడుతుందని, మా మిత్రుడు చెప్పినదీ, కుర్రవాడు ఆచరించినదీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నెలంతా ప్రతిరోజూ ఒకే వేళకు పి.హెచ్. చూసి, పుస్తకంలో రాయాలి. నీరు ఎంత మొండిదో తెలిపే ఆల్కలినిటీ అనే కొలత మరొకటి ఉన్నది. అది 80కీ 120కీ మధ్య ఉండాలంటారు. కొత్త గోడ ఉన్నప్పుడు 80 వైపే ఉంచటం మేలు. ఎక్కువగా ఉంటే పి.హెచ్. దిగినట్లే దిగి మళ్ళీ లేస్తుంది. బోరునీరు అయితే కొలనులో పోయకముందే ఈ కొలత చూసుకోవాలి.

యాసిడ్ కొద్దికొద్దిగా పోయాలి. మా కొలనులో 86 వేల లీటర్ల పైచిలుకు నీరు పడుతుంది. అంతటి నీటిని 8 నుంచి 7.5కు దించటానికి సుమారు ఒక లీటరు చాలు. మీ కొలను ఇందులో సగమయితే యాసిడూ సగమే. ఒకేసారి కుమ్మరించి రేపటి పని కూడా ఇవాళే అయిపోవాలనుకోవద్దు. పోసిన తరువాత పంపు నడుపుతూ నాలుగైదు గంటలు ఆగి, మళ్ళీ చూడాలి. ఆ సమయంలో ఎవరినీ నీళ్ళలోకి దిగనివ్వరాదు.

గోడలనూ, అడుగునూ రోజుకు రెండుసార్లు నైలాను బ్రష్షుతో తోమాలి. గోడ మీద పేరుకునే తెల్లపొడిని అప్పుడే వదలగొట్టకపోతే, అది అక్కడే గరుకుగా గట్టిపడుతుంది. ఫిల్టరును మొదటి రోజులలో ఆపకుండా నడిపి, పట్టిన పొడిని కడుగుతూ ఉండాలి.

ఒక్క సంగతి మాత్రం పెద్ద అక్షరాలతో రాసి మందుల గది తలుపుకు అంటించండి. యాసిడ్‌నూ, బ్లీచింగుపౌడరునూ ఒకే బక్కెట్టులో కలపరాదు. ఒకదానికి వాడిన చెంబును కడగకుండా రెండవదానికి వాడరాదు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర యుద్ధరంగంలో సైనికుల మీదికి వదిలినది ఆ వాయువునే. మూసి ఉన్న చిన్న గదిలో అది ఎంత కొంచెమైనా ఊపిరితిత్తులకు ముప్పే. యాసిడ్‌ను పలచన చెయ్యాలంటే బక్కెట్టులో ముందు నీళ్ళు పోసి, అందులో యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్ళు పోస్తే పొంగి మొహాన చిమ్ముతుంది. రబ్బరు తొడుగులూ, కళ్ళద్దాలూ లేకుండా ఏ కుర్రవాణ్ణీ ఆ పనికి పంపవద్దు. యాసిడ్ బిల్లు గురించి సమావేశం పెట్టిన సంఘం, తొడుగుల బిల్లు గురించి కూడా ఒకసారి పెట్టవచ్చు.

ఇంత విన్నాక ‘అయితే పి.హెచ్. బాగా దించేసి ఉంచితే గొడవే ఉండదుగా’ అని మా కోశాధికారి గారే అడిగారు. అదీ కాదు. 1936లో లాంజెలియర్ అనే కాలిఫోర్నియా ఆచార్యుడు నీటికీ, సున్నానికీ ఉన్న బాంధవ్యాన్ని లెక్క కట్టాడు. సున్నం చాలని నీరు ఆకలిగొన్న నీరు. అది గోడను కొరికి తినేస్తుంది. సున్నం మించిన నీరు అజీర్తి చేసిన నీరు. అది పలకల మీదా, గొట్టాలలోనూ కక్కుతుంది. ఇంత ఖర్చుపెట్టి నున్నగా చేయించిన గిలాబును అత్యాశతో యాసిడ్ పోసి మనమే గరుకు చేసుకోవటం తగదు. తాంబూలంలో సున్నం తగ్గితే పండదు, ఎక్కువైతే నోరు పొక్కుతుంది. కొలనుకూ అదే సూత్రం.

మన పూర్వులు సున్నంతో తొందరపడేవారు కారు. డంగుసున్నం అంటే గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక వేసి, ఎద్దుల చేత రాతిచక్రం తిప్పించి, రోజుల తరబడి నూరించేవారు. బెల్లపు నీళ్ళూ, కరక్కాయ నానిన నీళ్ళూ పోసేవారు. గోలకొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని పెద్దబావి గోడ 2013 వానలకు కూలితే, దానిని మళ్ళీ సంప్రదాయ సున్నంతోనే నిలబెట్టారు. ఆ బావుల ఉద్ధరణకు 2022లో యునెస్కో వారి పురస్కారం వచ్చింది. సున్నం మెల్లగా గాలిని పీల్చుకుని రాయి అవుతుంది. దాని వేగం దానిదే. మనం సిమెంటు తెచ్చి పని తొందర చేశామే గాని, అందులోని సున్నం స్వభావం మారలేదు.

తార్నాక నుంచి ఉప్పల్‌కు వచ్చే దారిలో రసాయనాలను పరిశోధించే సంస్థ 1944 నుంచీ, భూగర్భాన్నీ నీటినీ పరిశోధించే సంస్థ 1961 నుంచీ, జీవకణాన్ని పరిశోధించే సంస్థ 1977 నుంచీ ఉన్నవి. మనం రోజూ వాటి ముందునుంచే బస్సులో వెళ్ళి వస్తాము. మన వాకిట్లో నీళ్ళు తెల్లబడినప్పుడు మాత్రం శాస్త్రం గుర్తుకురాదు, కుర్రవాడు గుర్తుకొస్తాడు.

ఆ కుర్రవాడి పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది. కోశాధికారి గారే నాకు చూడమని ఇచ్చారు. రూళ్ళ పుస్తకంలో తేదీ, వేళ, రంగు, పోసిన యాసిడ్, అన్నీ వరసగా రాసి ఉన్నవి. మొదటి వారం రోజుకు లీటరు. మూడవ వారంలో రోజు మార్చి రోజు. ఆరవ వారానికి మూడు నాలుగు రోజులకొకసారి అరలీటరు. ఒకనాటి పేజీలో రంగు రాయవలసినచోట ‘నీళ్ళు మాట ఇన్నయి’ అని రాసుకున్నాడు. మే నెల మొదట్లో పిల్లలు దిగారు. అడుగున వేసిన రూపాయి బిళ్ళ బొమ్మా బొరుసూ కూడా గట్టు మీదనుంచి తెలుస్తున్నది.

ఉప్పల్‌లో మరొక సముదాయంవారు వచ్చే ఎండాకాలానికి ముందు తమ కొలనుకు గిలాబు చేయించబోతున్నారట. మేస్త్రీ ఇచ్చిన అంచనా కాగితం నాకు చూపించారు. సిమెంటు ఉన్నది, పాలరాతిపొడి ఉన్నది, కూలి ఉన్నది. నేను కింద మరి రెండు పద్దులు చేర్చమన్నాను. ఒకటి, రెండు నెలలకు సరిపడా యాసిడ్. రెండు, ఒక రూళ్ళ పుస్తకం. మొదటిదాని ఖరీదు విని కాస్త నొసలు చిట్లించారు. రెండవదాని ఖరీదు విని, ‘దీనికి కూడా తీర్మానం కావాలా?’ అన్నారు. కావాలన్నాను. ఎవరినైనా దొంగ అని తీర్మానం రాయవలసి వస్తే, ముందు ఆ పుస్తకం చదవవలసి ఉంటుందన్న ముక్క కూడా అందులో చేర్చమన్నాను.